పిన్నులు రాలిన చప్పుడు

"నాన్నా, ఒక్క గుండుసూది కూడా అంటుకోవట్లేదు!" పాపకి ఏడుపొక్కటే తక్కువ. కరెంటు పారితే అయస్కాంతమయ్యే మేకు, అదే విద్యుదయస్కాంతం, రేపు స్కూల్లో చూపించాలని టెన్షన్.

ఇనుప మేకుకి 50 చుట్లు తీగ, కొత్త బ్యాటరీ సెల్లు. అయినా పని చేయదు. తీగేమో సత్యనారాయణపురంలో మోటార్లు చుట్టే షాపులో అడిగి తెచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. ఆ రాగి తీగ మీద పల్చటి ఎనామిల్ పూత ఉంటుంది, అది కరెంటుని పోనివ్వదు. బ్లేడుతో రెండు కొసలూ గీకాను.

ఈసారి గుండుసూదులు గుత్తిగా వేలాడాయి. 8! తీగ తీయగానే పళ్ళెంలో టపటపా రాలాయి. ఒక్కటి మాత్రం వదల్లేదు, మేకులో కాస్త అయస్కాంతత్వం మిగిలిపోతుంది కదా. ఆ చప్పుడు కోసమే పాప మళ్ళీ మళ్ళీ చేసింది. సెల్లు వేడెక్కుతుంటే నేనే ఆపించాను.

1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త, కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. టెన్త్‌లో ఇది చదివి మార్కులు తెచ్చుకున్నాను. ముల్లు కదలడం మాత్రం, మా తీగ పక్కన దిక్సూచి పెట్టి, కళ్ళారా చూసింది ఈ రాత్రే. సెల్లు తిప్పి పెడితే ముల్లు అటువైపు తిరిగింది. ఒళ్ళు జలదరించింది, నిజంగా.

పాప పడుకుంది. దిక్సూచి ఇంకా నా ముందే ఉంది.