డాంటే కంట్రోలర్‌లో లిస్టు ఖాళీ: నా అనుభవం

ఒక ఆడిటోరియంలో సంగీత కచేరీ. మిక్సర్, స్టేజ్ బాక్స్ (స్టేజ్ మీద మైకులు తగిలించే పెట్టె) రెండూ డాంటే, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీదుగా ఆడియో పంపే పద్ధతి, మీదే నడుస్తున్నాయి. నిర్వాహకులు ఆఖరి నిమిషంలో "మల్టీట్రాక్ రికార్డింగ్ కూడా కావాలండీ" అన్నారు, అంటే ఒక్కో మైకూ విడివిడిగా రికార్డవ్వాలి. సరేనని హాలువాళ్ల ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలించి, ఏ ఆడియో ఎక్కడికి వెళ్లాలో పెట్టే డాంటే కంట్రోలర్ ప్రోగ్రాము తెరిస్తే ఒక్క డివైస్ కూడా లేదు.

సౌండ్ మాత్రం శుభ్రంగా వస్తోంది. ఏ ఛానల్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలో ఆడియో అందుకునే డివైస్‌లోనే సేవ్ అయి ఉంటుంది, కంట్రోలర్ మూసేసినా ఆ కనెక్షన్ (ప్యాచ్) చెదరదు. అంటే తేడా ల్యాప్‌టాప్ వైపే ఉండాలి. పక్కనున్న కుర్రాడు "అన్నా, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దామా?" అన్నాడు. కచేరీకి గంట కూడా లేదు. దాని జోలికి పోవద్దన్నాను.

కంట్రోలర్‌లో నెట్‌వర్క్ పోర్టు చూస్తే వైఫైకి టిక్ ఉంది. ఆ వైఫై హాలు ఇంటర్నెట్‌ది, మన స్విచ్‌తో దానికి సంబంధమే లేదు. ఈథర్‌నెట్‌కి మార్చాను. అయినా ఖాళీయే.

తర్వాతి అనుమానం ఫైర్‌వాల్ మీద, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటిని వడపోసే ప్రోగ్రాము. డాంటే డివైస్‌లు తమ ఉనికిని ఎండీఎన్ఎస్ (నెట్‌వర్క్‌లో పేర్లు ప్రకటించుకునే పద్ధతి) ద్వారా చాటుకుంటాయి: 224.0.0.251 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే) అడ్రస్, యూడీపీ పోర్టు 5353. అది మూసుకుంటే డివైస్ ఎంత అరిచినా కంట్రోలర్‌కి వినపడదు. యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్‌ని నిమిషంపాటు ఆపగానే పేర్లు టకటకా వచ్చేశాయి. దాన్ని అలాగే వదిలేయకుండా డాంటే ప్రోగ్రాములకు మాత్రం అనుమతి ఇచ్చి మళ్లీ ఆన్ చేశాను.

వచ్చిన పేర్లు ఎర్రగా ఉన్నాయి! నాకైతే అసలు టెన్షన్ ఇక్కడే. ఎర్ర పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే తప్పేమిటో అదే చెబుతుంది: ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో డివైస్‌కి ఉండే నంబరు) సరిపోవట్లేదు. ఆ నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ లేదు కాబట్టి మిక్సర్, స్టేజ్ బాక్స్ తమంతట తామే 169.254తో మొదలయ్యే అడ్రస్‌లు పెట్టుకున్నాయి. ల్యాప్‌టాప్‌కేమో ఎవరో ఎప్పుడో 192.168.1తో ఫిక్స్ చేసి ఉంచారు. ఆటోమేటిక్‌కి మార్చాను. విండోస్ కాస్త నాన్చి, చివరికి 169.254లోకి వచ్చింది. ఎరుపు పోయింది.

ఆ తర్వాత స్టేజ్ బాక్స్ ఛానళ్లను ల్యాప్‌టాప్‌కి టిక్ పెట్టడం రెండు నిమిషాల పని. మృదంగం మైకు లెవెల్ చూసుకుని రికార్డ్ నొక్కేశాను.