తూకం ఎప్పుడు వేశారమ్మా?

అరిజోనాలో మా స్కూలుకి మే చివర్లో సెలవులిస్తారు, జులై నెలాఖర్లో మళ్లీ తెరుస్తారు. అందుకని నేను గుంటూరు వచ్చేది ఎప్పుడూ జూన్‌లోనే. అంటే సరిగ్గా ర్యాంకుల సీజన్. పదో తరగతి, ఇంటర్ ఫ్లెక్సీలు అప్పటికే వెలిసిపోయి ఉంటాయి. వాటి మీద జేఈఈ అడ్వాన్స్‌డ్, ఈఏపీసెట్ ఫ్లెక్సీలు ఎక్కుతుంటాయి. లక్ష్మీపురం మెయిన్ రోడ్డు మీద ఆటోలో పోతుంటే పాస్‌పోర్టు సైజు మొహాలు వరసగా మనవైపే చూస్తుంటాయి. మొహం కింద పేరు, హాల్ టికెట్ నంబరు, ర్యాంకు. ఒక్కోసారి ఒకే పిల్లాడి మొహం రెండు కాలేజీల బోర్డుల మీద కనిపిస్తుంది, అది వేరే కథ.

ఆ పిల్లలు కష్టపడలేదని నేననను. నేనూ ఇదే ఊళ్లో లెక్కలు చెప్పుకుని బతికినదాన్నే, తెల్లవారుజామున లేచి వాళ్లు ఎంత చదువుతారో నాకు తెలుసు. నా బాధల్లా ఒక్కటే. ఆ ఫ్లెక్సీ ముందు ఎంతసేపు నిలబడినా ఆ అమ్మాయికి ఏ లెక్క అంటే ఇష్టమో, ఏ ప్రశ్న దగ్గర తల పట్టుక్కూర్చుందో మనకి తెలియదు. అడగాలని కూడా ఎవరికీ అనిపించదు. ర్యాంకు చెప్పేశాక ఇక అడగడానికేముంది?

ఇది నాకు కొట్టొచ్చినట్టు కనిపించడం మొదలైంది అమెరికాలో పనికి కుదిరాకే. నేను వెళ్లింది జే-1 వీసా మీద, ఎక్స్‌ఛేంజ్ టీచర్‌గా. మూడేళ్లకి ఇస్తారు, తర్వాత మహా అయితే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. గ్రీన్‌కార్డు ఆశలు పెట్టుకునే వీసా కాదది. స్కూలు ఫీనిక్స్‌కి దూరంగా ఒక చిన్న ఊళ్లో. పిల్లల్లో ఎక్కువమంది మెక్సికో మూలాలున్న కుటుంబాల వాళ్లు. నా పేరు నోరు తిరగదు కాబట్టి అందరికీ నేను ‘మిస్’.

పండక్కి ఫీనిక్స్ వైపు మనవాళ్ల ఇళ్లకి వెళ్తే మొదటి ప్రశ్న, ‘ఏ కంపెనీ అండీ?’ గవర్నమెంటు స్కూల్లో టీచర్నండీ అంటే ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తోచదు వాళ్లకి. లెక్కల టీచర్‌నని తెలిశాక మాత్రం కుర్చీ దగ్గరికి జరుగుతుంది. ‘మా వాడికి వీకెండ్ కాస్త చెప్తారా?’ జే-1 మీద ఉన్నవాళ్లు బయట ట్యూషన్లు చెప్పుకోకూడదు. ఆ మాటంటే నమ్మరు, రేటు పెంచడానికి అంటున్నాననుకుంటారు.

అక్కడ అంతా చదువుల స్వర్గం అనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తాను, మా ఊళ్లో మొదటి పండగ ఫుట్‌బాల్. శుక్రవారం మ్యాచ్ ఉంటే స్కూలంతా జిమ్‌లో చేరి అరుస్తారు. మ్యాథ్‌కౌంట్స్ అనే లెక్కల పోటీకి పిల్లల్ని తీసుకెళ్లి తెచ్చిన రోజు ప్రిన్సిపాల్ మైకులో చెప్పింది ఒక్క వాక్యం, అదీ ఫుట్‌బాల్ స్కోరు చదివాక. ఆ పోటీ మాత్రం బాగుంటుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పెడతారు. మొదటి రౌండ్‌లో 40 నిమిషాల్లో 30 లెక్కలు, కాలిక్యులేటర్ ఉండదు. తర్వాతి రౌండ్‌లో లెక్కలు రెండేసి చొప్పున ఇస్తారు, ఒక్కో జతకి ఆరు నిమిషాలు. చివర్లో ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి బజర్ నొక్కించే రౌండ్ పెడతారు. ఆ హాల్లోకి అడుగుపెడితే చాలు, తెలుగు వినిపిస్తుంది. కాఫీ ఫ్లాస్కుల దగ్గర నిలబడి ‘మీ వాడికి ఏఎంసీలో ఎంతొచ్చింది?’ అనుకుంటూ ఉంటారు, అదింకో లెక్కల పోటీ. లక్ష్మీపురం ఫ్లెక్సీలు గుర్తొస్తాయి నాకు. సముద్రాలు దాటినా మన టెన్షన్ మనతోనే వస్తుంది.

నన్ను మార్చింది సైన్స్ ఫెయిర్. మన దగ్గర వైజ్ఞానిక ప్రదర్శన అంటే థర్మాకోల్, రంగు కాగితాలు, ఒక చిన్న మోటారు, వెలిగే బల్బులు. పిల్లలు బట్టీపట్టిన నాలుగు ముక్కలు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ల ముందు ఊపిరి బిగబట్టి అప్పజెప్పేస్తారు. అగ్నిపర్వతం లేకుండా ప్రదర్శన జరగదు. అక్కడ మోడల్ ఎవరికీ అక్కర్లేదు. మూడు మడతల అట్ట బోర్డు, దాని ముందు రోజువారీ రాసుకున్న నోటు పుస్తకం, అంతే. ఐసెఫ్ అనే అంతర్జాతీయ ఫెయిర్ నియమాలే కింది స్థాయి ఫెయిర్లలో కూడా పాటిస్తారు. వాటి ప్రకారం టేబుల్ మీద మట్టి, నీళ్లు, తినే వస్తువులు పెట్టకూడదు. మొక్క మీద చేసిన ప్రయోగమైనా మొక్క తేకూడదు, ఫొటో పెట్టుకోవాలి. ఇంట్లో బ్యాక్టీరియా పెంచడం నిషేధం. మనుషుల మీద ఏ పరీక్ష చేయాలన్నా, ఆఖరికి తోటి పిల్లల్ని పది ప్రశ్నలడగాలన్నా, ముందు ఒక కమిటీ ఒప్పుకోవాలి. ఆ ఫారాలు నింపించడం మా టీచర్ల పని. మొదటి ఏడాది విసుగొచ్చింది గానీ, ఎవరి ఒంటి మీద ప్రయోగం చేస్తున్నామో వాళ్లని అడిగి చేయాలన్నది పన్నెండేళ్లకే నేర్పడం చిన్న విషయం కాదనిపించింది తర్వాత.

మా క్లాసులో ఒక కుర్రాడి నాన్న కూలర్లు బాగుచేస్తాడు. అరిజోనా ఎండలకి మన గుంటూరులో లాగే అక్కడా నీళ్ల కూలర్లు వాడతారు, లోపల చెక్క పీచు ప్యాడ్లు ఉంటాయి. చెక్క పీచు బదులు కొబ్బరి పీచు పెడితే గాలి ఇంకా చల్లగా వస్తుందని వీడి అనుమానం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొలిచాడు. రెండింటికీ తేడా దాదాపు ఏమీ రాలేదు. కానీ గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఏ ప్యాడూ సరిగా చల్లబరచలేదని వాడి పట్టిక చెప్పింది. నీరు ఆవిరైతేనే కదా చల్లదనం, గాలే తడిగా ఉంటే ఆవిరయ్యేదెక్కడ? బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘నేననుకున్నది తప్పు’ అని రాసుకున్నాడు. జడ్జీలు వాడి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వాడికి రెండో బహుమతి వచ్చింది. పక్కనే ఇంకో స్కూలు పిల్లాడు పెద్ద ల్యాబ్‌లో చేసిన పనితో మెరిసే బోర్డు పెట్టాడు, మనవాడే. ‘ఈ ఉష్ణోగ్రతే ఎందుకు తీసుకున్నావు?’ అని జడ్జీ అడిగితే వాళ్ల నాన్న వైపు చూశాడు. డబ్బు తీసుకుని పిల్లలకి రీసెర్చ్ చేయించిపెట్టే మెంటార్లు అక్కడ బోలెడుమంది. అక్కడి జడ్జీలకి మాత్రం ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు.

అమెరికాలో హైస్కూలు పిల్లలకున్న సైన్స్ పోటీల్లో పాతది సైన్స్ టాలెంట్ సెర్చ్. 1942 నుంచి జరుగుతోంది. ఇప్పుడు రీజెనెరాన్ అనే మందుల కంపెనీ డబ్బిస్తుంది. మొదటి బహుమతి రెండున్నర లక్షల డాలర్లు. కానీ నాకు నచ్చింది ఆ పెద్ద అంకె కాదు. ముందు 300 మందిని ఎంపిక చేసి ఒక్కొక్కరికీ 2,000 డాలర్లిస్తారు, అంతే మొత్తం వాళ్ల స్కూలుకీ ఇస్తారు. ఫైనల్‌కి వచ్చిన 40 మందిని జడ్జీలు వాళ్ల ప్రాజెక్టు మీదే కాదు, దానితో సంబంధం లేని సైన్స్ మీద కూడా అడుగుతారు. తెలియకపోతే ఎలా ఆలోచిస్తావో చెప్పమంటారు.

ఇవన్నీ చెప్పి మనకేమీ లేదంటే అబద్ధమే అవుతుంది. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి ఉంది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్య తీసుకుని బృందంగా పరిశోధించాలన్నది దాని నియమం. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి సైన్స్ సంబరాలు ఉన్నాయి. ఇన్‌స్పైర్ మనక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో పిల్లల ఆలోచన ఎంపికైతే దాన్ని తయారుచేసుకోవడానికి పదివేల రూపాయలిస్తారు. సర్కారు బడుల్లో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష కోసం టీచర్లు బడి అయ్యాక కూర్చుని చెప్తారు. ఎనిమిదో తరగతిలో గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తుంది, కూలి పనులకెళ్లే ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగకుండా ఉండటానికి అది చాలాసార్లు సరిపోతుంది. వీటికి లక్ష్మీపురంలో ఫ్లెక్సీ కట్టేవాళ్లు లేరు, జిల్లా పేజీలో అగ్గిపెట్టంత ఫొటో వస్తే గొప్ప. ఒలింపియాడ్ల సంగతీ అంతే. 2024లో బ్రిటన్‌లోని బాత్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మన దేశం నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానంలో నిలిచింది. మా బంధువుల్లో ఎవరినడిగినా ‘అవునా?’ అన్నారు.

ఈసారి జూన్‌లో నల్లపాడు అవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెచ్‌ఎం గారు ఫోన్ చేశారు. మా పెదనాన్న గారి శిష్యుడు. బడి తెరిచాక ఎన్‌ఎంఎంఎస్‌కి ఎంపికైనవాళ్లకీ, ప్రాజెక్టులు చేసినవాళ్లకీ అభినందన సభ పెడుతున్నాం, అమెరికా నుంచి వచ్చారు కదా, ముఖ్య అతిథిగా రండమ్మా అన్నారు. మన అభినందన సభలు నాకు తెలియనివి కావు. పెళ్లికొచ్చినవాళ్లందరికీ దండలేసి చివర్లో పెళ్లికూతుర్ని పిలిచినట్టుంటుంది. పిల్లలు ఎండలో లైన్లో కూర్చుంటారు. మొమెంటో అందుకునేటప్పుడు కూడా కెమెరా వైపు తిరగమనే అంటారు తప్ప ఏం చేశావని అడగరు.

వస్తాను సార్, కానీ స్టేజీ వద్దు, వరండాలో బల్లలు వేయించండి, పిల్లలు తమ చార్టుల దగ్గర నిలబడతారు, వచ్చినవాళ్లు తిరుగుతూ అడుగుతారు అన్నాను. ఆయన కాసేపు నసిగారు. ‘ఎంఈఓ గారొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలమ్మా?’ చివరికి రాజీ కుదిరింది. స్టేజీ ఉంటుంది, అది అరగంటే. ఆ తర్వాత బల్లలు.

అరగంట గంటంబావు అయ్యింది, అదలా ఉంచితే, బల్లల దగ్గర మొదట ఎవరూ ఏమీ అడగలేదు. తల్లిదండ్రులు చార్టుల్ని దూరం నుంచే చూసి నవ్వుతున్నారు. మనం అడిగితే ఏమనుకుంటారో అని. నేను మా అరిజోనా కుర్రాడి కూలర్ సంగతి చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వెంటనే, ‘మా ఇంట్లో కూడా మేడం, మే నెలలో బానే ఉంటది, వానలు పడ్డాక కూలరేసినా ఉక్కే’ అన్నాడు. దాంతో కాస్త కదలిక వచ్చింది.

ముగ్గురు అమ్మాయిలు మిరపకాయల మీద ప్రాజెక్టు చేశారు. గడిచిన సీజన్‌లో కల్లంలో కిలో చొప్పున మూడు కుప్పలు పోశారు. ఒకటి నేల మీద, ఒకటి పట్టా మీద, ఒకటి వల మంచం మీద. రోజూ తూచి, ఏది త్వరగా ఎండుతుందో గ్రాఫ్ గీశారు. తడి ఉన్న కాయకి బూజు పడుతుంది, రేటు పోతుంది, కాబట్టి ఊరికి పనికొచ్చే ప్రశ్నే. గ్రాఫ్ గీత దిగుతూ దిగుతూ మధ్యలో రెండు మూడు చోట్ల పైకి లేచింది. కాటా తేడా చేసి ఉంటుందని సైన్స్ టీచర్ చెప్పారట. ఆ మాటే పిల్లలు నాకూ చెప్పారు.

వెనక నిలబడిన ఒకాయన, మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేస్తాడట, చాలాసేపు ఆ గీత వైపే చూశాడు. ‘తూకం ఎప్పుడు వేశారమ్మా? పొద్దున్నా, మాపటేళా?’ అనడిగాడు. అమ్మాయిలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. బడి ఉన్న రోజు సాయంత్రం, ఆదివారాలు పొద్దున్నే. ‘అదీ సంగతి. తెల్లారి తూస్తే మంచు తాగి బరువొస్తయ్ కాయలు. ఎండెక్కినాక తూస్తే అవే కాయలు తేలిక. యార్డులో మాకిది రోజూ ఉండే గొడవే. టిక్కీ బస్తాకి ఎంత తేడా వస్తదో చెప్పమంటారా?’ అని చెప్పుకుంటూ పోయాడు. చేత్తో నలిపితే గలగలమనాలనీ, అలా మోగకపోతే కొనేవాడు రేటు కోస్తాడనీ. అమ్మాయిలు నోటు పుస్తకం తెరిచి తేదీలు చూసుకున్నారు. గీత పైకి లేచిన రోజులన్నీ ఆదివారాలే.

నేను చూసిన జడ్జీల్లో అంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఆయనకి ఎవరూ శాలువా కప్పలేదు, ఆయన కూతురు మాత్రం పక్క బల్ల దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. తేమ కొలిచే మీటరు యార్డులో తనకి తెలిసిన షావుకారు దగ్గర ఉందనీ, అడిగి చూస్తాననీ అన్నాడాయన.

ఇప్పుడు చిక్కేమిటంటే, కొత్త పంట కల్లంలోకి వచ్చేది జనవరి తర్వాతే. బాలల సైన్స్ కాంగ్రెస్ జిల్లా పోటీ ఈలోపే అయిపోతుంది. పాత లెక్కలతోనే వెళ్లాలి. ఆదివారం తూకాల్ని వేరే రంగు చుక్కలతో చూపించి, ఎందుకు పెరిగాయో కింద రాయండి అని చెప్పాను. సైన్స్ టీచర్‌కి ఇష్టం లేదు. తప్పు మనమే చూపిస్తే మార్కులు పోతాయి మేడం, ఆ చుక్కలు తీసేస్తే గ్రాఫ్ నీట్‌గా ఉంటుంది కదా అంటున్నారు. అమ్మాయిలు వాట్సాప్‌లో రెండు గ్రాఫులూ పంపించారు. ఏది పెట్టాలో వాళ్లింకా తేల్చుకోలేదు.