ఆషాఢంలో సూర్యలంక

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ పేరెత్తితే గుంటూరులో ఎవరికైనా కార్తీకమాసమే గుర్తొస్తుంది. పౌర్ణమి రోజు, ఆ నెల ఆదివారాలు అక్కడ ఇసక వేస్తే రాలనంత జనం. మిగతా పదకొండు నెలలూ ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఈసారి ఆషాఢ పౌర్ణమి వారం మధ్యలో వచ్చింది. నేను వెళ్తున్నానని తెలియగానే మా పెద్దమ్మ కూడా "ఆకామావై రా, నేనూ వస్తా" అంటూ సంచి సర్దేసింది.

ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం: ఈ నాలుగు పౌర్ణములూ సముద్రస్నానానికి శ్రేష్ఠమని పెద్దవాళ్ల లెక్క. వాటి మొదటి అక్షరాలు కలిపితేనే ఆ 'ఆకామావై'. వానల్లో ఒకటి, చలి మొదలయ్యేటప్పుడు ఒకటి, చలి తగ్గేటప్పుడు ఒకటి, నడివేసవిలో ఒకటి. ఏడాది పొడవునా పర్యాటకమని ఇప్పుడు మీటింగులు పెట్టి చెప్పేది వాళ్లు నాలుగక్షరాల్లో తేల్చేశారు. మనం అందులో 'కా' ఒక్కటే మిగుల్చుకున్నాం.

చేబ్రోలు, పొన్నూరు మీదుగా బస్సు. కాలవల్లో నీళ్లొచ్చాయి, దారి పొడవునా పచ్చటి నారుమళ్లు. బాపట్లలో భావనారాయణస్వామి దర్శనం చేసుకుని ఆటో ఎక్కాం. అక్కణ్ణుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. "ఆదివారమైతే కూర్చోబెట్టడానికి చోటుండదమ్మా, సోమవారం వస్తే డీజిల్ డబ్బులు రావు" అన్నాడు ఆటో అబ్బాయి. ఈ తీరం ఆర్థిక పరిస్థితి గురించి అంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు.

సరుగుడు తోట దాటగానే గాలి చెంపమీద కొట్టినట్టు తగిలింది. మబ్బు పట్టి ఎండ లేదు. స్నానానికి వచ్చినవాళ్లు మహా అయితే ఓ నలభైమంది ఉంటారు. పౌర్ణమి పోటు కదా, అల ఒడ్డు మీదికి చాలా దూరం వస్తోంది. గజ ఈతగాడొకడు విజిల్ ఊదుతూ కుర్రాళ్లను వెనక్కి తోలుతున్నాడు. పెద్దమ్మ పసుపుకుంకుమలు నీళ్లలో వదిలి, గుప్పెడు ఇసక సముద్రంలోకి విసిరి, మోకాలి లోతులో కూర్చుని మూడు మునకలేసింది. నాలుగోది వేసే లోపే ఓ అల వచ్చి తనే ముంచేసింది. లేచి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా పకపకా నవ్వింది.

కాస్త అవతల చిన్న పడవ ఒడ్డుకు చేరింది. వలలోంచి కానాగంతలు, కవళ్లు విదిలించి గంపలకెత్తుతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. అంటే పిల్లల సెలవుల్లో, ఎండకు తాళలేక జనం సముద్రానికి పరిగెత్తే రోజుల్లోనే చేపకు కరువు. చేపల కోసమే అయితే రావాల్సింది ఇదిగో, ఈ వానల్లో.

జనం విరగబడే కార్తీకమేమో తుపాన్ల కాలం. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిచౌంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అన్ని ఆశలూ ఒక్క నెల మీదే పెట్టుకుంటే, ఆ నెలలో వాయుగుండం పడితే బజ్జీల బండి నడిపేవాళ్ల ఏడాది గతేమిటి? సంక్రాంతికి తేగలున్నాయి, తర్వాత గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్లున్నాయి, వేసవిలో ముంజలున్నాయి. వాన పడితే పక్కనే చీరాలలో మగ్గాలు చూడొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే మోటుపల్లి. విదేశీ వర్తకులకు కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన రేవు అది. చూసేవాటికి కొదవేం లేదు.

కొదవ ఎక్కడో తడిబట్టలతో నిలబడ్డ పెద్దమ్మకు తెలిసింది. బట్టలు మార్చుకునే గదికి తాళం. బాత్రూముకీ తాళమే. "రష్ లేదుగా, తీయలేదు" అన్నాడు పక్కన టీ కొట్టతను. జనం లేరని తాళం, తాళం ఉందని జనం రారు! చివరికి ఆ కొట్టు వెనక టార్పాలిన్ చాటున, అతని భార్య చీర అడ్డం పట్టుకుంటే మార్చుకుంది. పండగలకూ లైటింగులకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, మామూలు మంగళవారం కూడా ఆ తలుపు తీసే మనిషికి జీతంగా ఇస్తే చాలుననిపించింది. ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లెవరైనా నా మాటే అంటారు.

సాయంత్రం తిరుగు ఆటోలు దొరకవని తెచ్చిన ఆటోనే ఆపుకున్నాం. వెయిటింగ్ దగ్గర కాసేపు బేరం నడిచింది, అడిగిందే ఇచ్చాను. బాపట్ల బస్టాండులో దిగుతూ పెద్దమ్మ అతని నంబరు నాచేత ఫోన్లో ఎక్కించింది.

"మాఘ పౌర్ణమికి నువ్వే రావాలబ్బాయ్. ఈలోగా ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని పెట్టు."