ఒంటరి నడకకు తేలికైన టెంటు

వీపున మోయవలసిన టెంటును ఎంచుకునేటప్పుడు నేను మొదట పరిశీలించేది, తయారీదారు ప్రకటించిన బరువులో ఏమేమి కలిశాయన్న విషయాన్నే. మేకులు, తాళ్లు, సంచి లేకుండా చెప్పిన అంకె చూసి మోసపోవడం చాలా సులభం.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది తేమ గురించి. రాత్రంతా మన శ్వాసతో వెలువడే ఆవిరి చల్లబడిన గుడ్డకు తగిలి నీటి బిందువులుగా మారుతుంది. ఒకే పొర ఉన్న టెంటులో ఆ తడి నేరుగా స్లీపింగ్ బ్యాగుకు అంటుకుంటుంది. రెండు పొరలున్న దానిలో లోపలి వల అడ్డుగా నిలుస్తుంది. తడిసిన ఈకల బ్యాగులో వణుకుతూ తెల్లవారేదాకా మేలుకున్న తరువాత, కొంత బరువు పెరిగినా నేను రెండు పొరలకే మొగ్గు చూపుతున్నాను.

చేతికర్రలతో నడిచేవారు వాటినే స్తంభాలుగా నిలిపే టెంటు తీసుకుంటే వేరే కడ్డీల బరువు తగ్గుతుంది. అయితే అటువంటి టెంటు నిలబడేది మేకుల బలం మీదనే కనుక, మేకు దిగని రాతినేల మీద తాళ్లను బండరాళ్లకు కట్టడం నేర్చుకొని ఉండాలి.

సిలికాన్ పూసిన నైలాన్ తడిస్తే సాగుతుంది, కాబట్టి వానరాత్రి లేచి తాళ్లు బిగించవలసి వస్తుంది. పాలిస్టర్ అంతగా సాగదు. డైనీమా అనే తేలికైన, గట్టి పీచుతో చేసిన గుడ్డ నీటిని పీల్చుకోదు, కానీ ఖరీదెక్కువ.

కొనేముందు పరుపు పరచుకొని అందులో పడుకొని చూడండి. గోడలు ఏటవాలుగా ఉంటాయి కనుక, 8 సెంటీమీటర్ల మందమున్న పరుపు మీద పడుకుంటే, నేల పొడవు సరిపోయినా ముఖమూ పాదాలూ గుడ్డకు తగలవచ్చు.