ట్రౌట్ గాలం కబుర్లు, 7వ విడత: అడుగు తగలని నింఫ్

ఇరవై రెండు సార్లు విసిరితే ఒక్కసారైనా గాలం రాయికి తగులుకోలేదు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నింఫ్‌తో (నీటిపురుగు పిల్లను పోలేలా గాలానికి కట్టిన ఎర) ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళకు ఇంతకన్నా చెడ్డ కబురు లేదు. రాయి తగలడం లేదంటే నింఫ్ అడుగుదాకా దిగడం లేదన్నమాట. చేపలేమో ఆ అడుగునే, రాళ్ళకు జానెడు పైన, మూతి ఎగువకు పెట్టి నిలబడి ఉన్నాయి. పోలరైజ్డ్ కళ్ళద్దాల్లోంచి రెండు చక్కగా కనబడుతూనే ఉన్నాయి. నింఫ్ వాటి నెత్తిమీదుగా పోతుంటే ఒక్కటీ కదల్లేదు. వరసగా మూడు విడతలు ఇదే తంతు. కాబట్టి ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి దీని సంగతే చూడాల్సి వచ్చింది.

సరస్సు కబురు ఒక్క ముక్కలో: మెప్స్ ఆగ్లియా (నీళ్ళలో గిరగిరా తిరిగే రేకు ఎర) 1వ నంబరు, తెల్లవారుతుండగా, వాగు వచ్చి కలిసే మూలలో, మూడు చేపలు.

ఇక ఏరు. రెండు బండల సందులోంచి నీళ్ళు దూకి, 14 మీటర్ల పొడవున నున్నగా సాగి, చివర్లో గులకరాళ్ళ మీద పలచబడే చోటు ఇది. చేతికర్రకు 10 సెం.మీ.కో గీత పెట్టి చూస్తే నడిమధ్యలో లోతు 130 సెం.మీ., చివర గులకరాళ్ళ దగ్గర 60. పైన నురగ బుడగలు 3 మీటర్లు పోవడానికి 4 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 75 సెం.మీ. అడుగుకు జానెడు పైన కొట్టుకుపోతున్న నానిన ఆకుకు అదే 3 మీటర్లకు 8 సెకన్లు పట్టింది. పైవేగంలో సగం. నీళ్ళు 10 డిగ్రీలు, తేటగా ఉన్నాయి. చేపలున్నది బండల నుంచి 5 మీటర్ల దిగువన.

నింఫ్ ఎంత లోతుకు దిగుతోందో నీళ్ళలోకి చూసి చెప్పలేం. దానికి చివరి మెరక పనికొచ్చింది. అక్కడ అడుగు మెల్లగా పైకి లేస్తుంది కాబట్టి, నింఫ్ అడుగుకు తగిలి, నీటిపైన తేలే బెండు మొదటిసారి ఎక్కడ ఆగిందో చూసుకుని, అక్కడి లోతు కర్రతో కొలిస్తే నింఫ్ దిగిన లోతు దాదాపు తెలిసిపోతుంది.

పాత సరంజామా ఇది: 9 అడుగుల 5వ నంబరు రాడ్ (నంబరు అది విసిరే లైన్ బరువును బట్టి), 9 అడుగుల 4ఎక్స్ టేపర్ లీడర్ (లైన్‌కూ గాలానికీ మధ్య, కొసకు పోయేకొద్దీ సన్నబడే దారం; ఎక్స్ అంకె పెరిగేకొద్దీ దారం సన్నం), దాని చివర మరో 40 సెం.మీ. 4ఎక్స్, 14వ సైజు గాలానికి 2.8 మి.మీ. ఇత్తడి పూస, కుందేలు బొచ్చు ఒళ్ళు. లోతుకు ఒకటిన్నర రెట్లు అన్న పాత లెక్క ప్రకారం బెండు నింఫ్‌కు 2 మీటర్ల పైన. ఇది మెరక మీద మొదట తగిలింది 70 సెం.మీ. లోతున్న చోట. అంటే చేపకూ నింఫ్‌కూ మధ్య దాదాపు 40 సెం.మీ. ఎడం.

ఎవరికైనా మొదట తోచేది బరువే. పూస మార్చి 3.3 మి.మీ. టంగ్‌స్టన్ వేసి చూస్తే 90 సెం.మీ. అయింది. నింఫ్‌కు 20 సెం.మీ. పైన 0.4 గ్రాముల సీసం గుండు నొక్కితే 110. కానీ గుండుతో తలనొప్పులు ఎక్కువ. రాళ్ళ సందుల్లో దొర్లేది గుండు, నింఫ్ దానికి పైన తేలుతూ ఉంటుంది. చేప నోటపెట్టినా ఆ కుదుపు గుండు దగ్గరే చచ్చిపోతుంది. పైగా నొక్కినచోట దారం నలిగి రెండుసార్లు సరిగ్గా అక్కడే తెగింది. గుండు వాడేవాళ్ళను తప్పుపట్టడం లేదు, ఈ లోతులో ఈ వడిలో మాత్రం అది మందు కాదు.

తర్వాత అనుమానం నింఫ్ ఒంటి మీదకు పోయింది. బొచ్చు ఒళ్ళు నీళ్ళను పట్టి ఆపుతుందని అందరికీ తెలిసిందే. ఇంగ్లండ్‌లో ఏటి కాపరి ఫ్రాంక్ సాయర్ తన ఫెజంట్ టెయిల్ నింఫ్‌ను దారం మానేసి సన్నటి రాగి తీగతో కట్టింది బరువు కోసమూ, సన్నటి ఒంటి కోసమూ. స్పెయిన్ పోటీదార్లు కట్టే పెర్డిగాన్ నింఫ్‌కైతే ఒంటికంతా వార్నిష్ పూసి నున్నగా చేసేస్తారు. సరేనని మీటరు పొడవు పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి, ఒక్కో నింఫ్‌కు జానెడు 4ఎక్స్ ముక్క కట్టి వదిలి చూస్తే, ఇత్తడి పూస కుందేలు బొచ్చుకు మీటరు దిగడానికి 4.6 సెకన్లు, టంగ్‌స్టన్ పెర్డిగాన్‌కు 2.2. ఐదేసి సార్ల సగటు ఇది.

చిక్కు ముదిరింది ఇక్కడే. గొట్టం లెక్కన ఇత్తడి పూస కూడా 130 సెం.మీ. 6 సెకన్లలో దిగాలి. ఆ 6 సెకన్లలో బెండు నాలుగున్నర మీటర్లు పోతుంది. అంటే చేపల దగ్గరికి వచ్చేసరికి ఎలాగోలా అడుగున ఉండాలి. టంగ్‌స్టన్‌కైతే 3 సెకన్లు, రెండున్నర మీటర్లు కూడా అక్కర్లేదు. ఏట్లో మాత్రం టంగ్‌స్టన్ కూడా 90 దగ్గరే ఆగిపోయింది. గొట్టంలో ఉండి ఏట్లో లేనిదేమిటి, ఏట్లో ఉండి గొట్టంలో లేనిదేమిటి అని ఓ పూటంతా బుర్ర గోక్కున్నాక తట్టింది: గొట్టంలో నింఫ్ వెనక జానెడు సన్నదారమే ఉంది. ఏట్లో 2 మీటర్ల లీడర్ ఉంది.

ఆ లీడర్‌ను మైక్రోమీటర్‌తో కొలిచాం. నింఫ్ నుంచి 90 సెం.మీ. వరకు 0.18 మి.మీ., 120 దగ్గర 0.33, 150 దగ్గర 0.50, బెండు దగ్గర 0.53. ఒకటిన్నర రెట్లు అన్న లెక్కను గుడ్డిగా పాటించి బెండును పైకి జరిపేకొద్దీ లీడర్ మొదట్లోని లావు భాగమే నీళ్ళలోకి దిగుతోంది. వైశాల్యం లెక్కేస్తే ఆ 2 మీటర్ల దారం నీటికి అడ్డంపడేది 6.2 చదరపు సెం.మీ. 3.3 మి.మీ. పూస అడ్డంపడేది 0.09 కూడా లేదు! పైన సెకనుకు 75 సెం.మీ. వేగంతో పోయే నీళ్ళు ఆ లావు దారాన్ని తోసుకుపోతుంటే, కింద బియ్యపుగింజంత పూస ఎంత బరువైనా ఏం లాగుతుంది? నింఫ్ దిగడం లేదనుకున్నాం గానీ, నిజానికి దిగినంత మేరా దారం దాన్ని పైకి ఎత్తేస్తోంది.

అదే 2 మీటర్లూ 0.127 మి.మీ. 6ఎక్స్ ఒకే మందంలో ఉంటే అడ్డంపడేది 2.5 చదరపు సెం.మీ. (11లోంచి ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యోవంతుల మందం వస్తుంది. పెట్టె మీద మి.మీ. వేయని దారాలకు ఈ లెక్క చాలు.) సగం కన్నా తక్కువ. టేపర్ లీడర్ తీసేసి కట్టుకున్న కొత్త లీడర్ ఇదీ: లైన్ చివర 120 సెం.మీ. 0.43 మి.మీ. నైలాన్, దానికి 30 సెం.మీ. 0.28, దాని కొసకు 2 మి.మీ. టిప్పెట్ రింగు (రెండు దారాలను కలిపి కట్టే చిన్న లోహపు రింగు). బెండు ఆ రింగుకు రెండు వేళ్ళ పైన, 0.28 మీద. రింగు కింద నుంచి నింఫ్ దాకా 6ఎక్స్ ఫ్లోరోకార్బన్ ఒక్కటే ముక్క. బిరుసుగా ఉండాల్సిన మొదటి ముక్కకు మాక్సిమా కమీలియన్ అనే నైలాన్ దారాన్ని మించింది మా చేతికి ఇంకా దొరకలేదు. కింది 6ఎక్స్‌కు మాత్రం పేరు చూసి మోజుపడనక్కర్లేదు, మైక్రోమీటర్‌లో చెప్పిన మందమే వస్తే చాలు. 6ఎక్స్ అని అమ్మిన ఓ చుట్ట 0.15 తేలింది, అది 5ఎక్స్ మందం.

దీంతో మొదటి విసురులోనే, బండల నుంచి మూడున్నర మీటర్ల దగ్గర, 130 లోతులో బెండు టక్కున ఆగింది. రాయి! ఇంత సంతోషంగా గాలాన్ని రాయి నుంచి ఎప్పుడూ విడిపించలేదు.

ఇరవై నాలుగు విసుర్లలో తొమ్మిదిసార్లు రాయి తగిలింది, రెండు నింఫ్‌లు పోయాయి, మూడు చేపలు పట్టాయి, రెండు వలలోకి వచ్చాయి.

కొత్త లీడర్‌కు దాని తిప్పలు దానికున్నాయి. 0.28 నుంచి 0.127కు ఒక్కసారిగా పడిపోవడం వల్ల విసురు మొండిగా చేస్తే నింఫ్ వచ్చి బెండుకు చుట్టుకుంటుంది. వెనక్కి కొట్టినప్పుడు ఓ క్షణం ఎక్కువ ఆగి, లైన్‌ను వెడల్పుగా తిప్పి వేయాలి. రాడ్‌ను ముందుకు కొట్టి కొంచెం ఎత్తులోనే టపీమని ఆపితే నింఫ్ బెండు కన్నా ముందు, ముక్కు కిందికి పెట్టి నీళ్ళలో పడుతుంది. బెండు ముందుపడి నింఫ్ తర్వాత పడితే సన్నదారం కూడా వృథాయే, దారం బిగుసుకుని నింఫ్ దిగకముందే లాక్కుపోతుంది.

ముడుల సంగతి. 6ఎక్స్‌ను రింగుకు ఐదు చుట్ల క్లించ్ ముడి వేసి తడపకుండా గబుక్కున బిగిస్తే ఐదింట మూడు ముడి దగ్గరే తెగాయి. తెగిన కొన భూతద్దంలో చూస్తే వంకీలు తిరిగి, తెల్లగా మసకబారి ఉంది, రాపిడి వేడికి కాలిన గుర్తు అది. ఉమ్మితో తడిపి, మూడు లెక్కపెట్టేంత సేపు మెల్లగా బిగిస్తే ఐదింట ఒక్కటీ తెగలేదు. ఫ్లోరోకార్బన్‌కు నైలాన్ అంత సాగుడు లేదు, పొరపాటును ఓర్చుకోదు.

ఒకటిన్నర రెట్ల లెక్క కూడా ఇప్పుడు ఎక్కువైంది. సన్నదారం నిటారుగా దిగుతుంది కాబట్టి 2 మీటర్లు పెడితే వదులు మిగిలి, చేప పట్టి వదిలేసిన తర్వాత గానీ బెండు కదలడం లేదు. 155 సెం.మీ.కు, అంటే లోతుకు 1.2 రెట్లకు దించాక సరిపోయింది. ఆ పాత లెక్క తప్పని కాదు, టేపర్ లీడర్ ఎత్తేసే ఎత్తును కూడా కలుపుకుని పుట్టిన లెక్కేమో అనిపిస్తోంది.

నింఫ్ అడుగున ఉందో లేదో రాయి తగలకముందే చెప్పే గుర్తు ఒకటుంది: పక్కన పోతున్న నురగ బుడగలు. బెండు బుడగలతో సమానంగా పోతుంటే నింఫ్ పైనీళ్ళలోనే ఉన్నట్టు. బుడగలు బెండును దాటిపోతుంటే నింఫ్ కింది మెల్లటి నీళ్ళను పట్టుకున్నట్టు. బుడగలకన్నా బెండు వేగంగా పోతోందంటే పైన లైన్ లాగుతోంది, ఆ విసురు వదిలేసుకోవడమే.

పోయిన మూడో చేప మీద ఇంకా తేలలేదు. ఎదురుముల్లు (బార్బ్) లేని 14వ సైజు గాలం, రాడ్‌ను నిలువునా పైకి ఎత్తి కొట్టడం జరిగింది. చేప మూతి ఎగువకుంది, మనం ఎగువన నిలబడి పైకి లాగితే గాలం నోటి ముందు నుంచే బయటికొస్తుంది. దిగువ వైపు, నీళ్ళకు సమాంతరంగా కొడితే దవడ మూలకు దిగాలి. ఒక్క చేపతో ఏదీ చెప్పలేం, పది పట్టాక చూద్దాం. నీళ్ళు 18 డిగ్రీలు దాటితే ఈ లెక్కలన్నీ ఆపేయడమే. 20 డిగ్రీల దగ్గర నీళ్ళు పట్టగల ఆక్సిజన్ లీటరుకు 9 మి.గ్రా.కు పడిపోతుంది, 10 డిగ్రీల దగ్గర 11 పైన. అలసిన ట్రౌట్ ఆ తేడాకు తట్టుకోలేకపోవచ్చు, వదిలినా బతకకపోవచ్చు.

ముందు రాబోయేవి రెండు. ఒకటి, బెండే లేకుండా సైటర్‌తో (బెండుకు బదులు కంటికి ఆనేలా కట్టే 50 సెం.మీ. రంగుదారం) ఇదే చోట. బెండు పైనీటి వేగానికి కట్టుబడినంతకాలం నింఫ్ ఎంతోకొంత దాని వెంట పరిగెత్తక తప్పదు. దానికి 10 అడుగుల 3వ నంబరు రాడ్ కావాలి, 9 అడుగులదానితో చెయ్యి చాచి ఎంతసేపు నిలబడగలం?

రెండోది సరస్సులో కైరానమిడ్ (దోమలాంటి పురుగు పిల్లను పోలిన నింఫ్), 4 మీటర్ల లోతున. అక్కడ పారే నీళ్ళు లేవు గనక దారం నింఫ్‌ను ఎత్తదు, దిగడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఇరవై సెకన్లో ముప్పయ్యో ఓపిక పట్టాలి. ఇబ్బందల్లా వేరే. బెండు 4 మీటర్ల పైన కట్టేస్తే 9 అడుగుల రాడ్‌తో చేపను వలదాకా తేలేం, బెండు వచ్చి రాడ్ కొన రింగులో ఇరుక్కుంటుంది. చేప లాగగానే, దాన్ని దారానికి బిగించిన మేకు ఊడి దారం మీద జారిపోయే బెండు కావాలి. చిన్న చేప లాగుడికి ఊడనంత బిగుతుగా ఉంటే పనికిరాదు, విసిరినప్పుడే ఊడినా పనికిరాదు. ఏటిదాకా పోకుండా ముందు తొట్టెలో, తూనిక కొక్కెం కట్టి, ఎన్ని గ్రాములకు ఊడుతుందో చూసుకోవాలి.