హాఫ్‌వే హోమ్ పెట్టాలనుకుంటే, ముందు బయటికి వెళ్లే దారి చూడండి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ల కోసం హాఫ్‌వే హోమ్, అంటే ఆసుపత్రికీ సొంతింటికీ మధ్య కొన్నాళ్లు ఉండి కోలుకునే ఇల్లు, పెడదామనుకునేవాళ్లు మొదట స్థలం వెతుకుతారు. ఊరి బయట ఎవరో రెండెకరాలు ఉచితంగా ఇస్తామంటారు. మామిడిచెట్లున్నాయి, బోరు ఉంది, చుట్టూ ప్రహరీ కడితే చాలంటారు. దండం పెట్టి వద్దనండి. బస్సు రాని చోట పెట్టిన ఇంటికి కుటుంబాలు రావడం మెల్లగా మానేస్తాయి, సిబ్బంది నిలవరు, ఉన్నవాళ్లకు కిరాణా కొట్టు దాకా నడిచి వెళ్లే అవకాశం కూడా ఉండదు. కొన్నేళ్లకు అది మనుషుల్ని దాచిపెట్టే చోటు అయి కూర్చుంటుంది. అక్కడికి వచ్చిన మనిషి తిరిగి ఎక్కడికి వెళ్తారు, ఎప్పుడు, ఎవరి తోడుతో? ఈ ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే అద్దె ఇల్లు వెతకండి.

కలిసి బతుకుతూ కోలుకునే ఈ పద్ధతికి చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గరి నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో రోగులే తమ రోజును తాము నడుపుకునే ప్రయోగాలు జరిగాయి. అక్కడ పనిచేసిన మానసిక వైద్యుడు టామ్ మెయిన్ 1946లో దీనికి 'థెరప్యూటిక్ కమ్యూనిటీ' (కలిసి బతకడమే చికిత్సగా సాగే సముదాయం) అని పేరు పెట్టారు. 1959లో ఎలీ యాన్సెన్ ఇలాంటి ఇళ్లు నడిపే రిచ్‌మండ్ ఫెలోషిప్ సంస్థను మొదలుపెట్టారు, అది తర్వాత బెంగళూరుకూ వచ్చింది. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల కోసం పనిచేసే స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. అదే నగరంలో 1993లో మొదలైన బాన్యన్ అనే సంస్థ, ఇప్పుడు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉండే 'హోమ్ అగైన్' పద్ధతి నడుపుతోంది. ఇక 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పాకకు నిప్పంటుకుంటే కదల్లేక చనిపోయారు. 28 ప్రాణాలు. ఇల్లు పెట్టే ప్రతివాళ్లూ ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

చట్టం సంగతి. 'మాది ఆసుపత్రి కాదు, హాస్టల్ లాంటిది' అంటే కుదరదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బున్నవాళ్లు కోలుకోవడానికో, పునరావాసానికో ఉండే చోటు ఏదైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు కావాలి. మొదట ఇచ్చే తాత్కాలిక నమోదు 12 నెలలు పనిచేస్తుంది. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేల రూపాయలు, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షల దాకా. దానికి ముందే సొసైటీయో, ట్రస్టో ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 2001 సొసైటీల చట్టం కింద అయితే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో ఇద్దరైనా ఈ జబ్బుతో బతికినవాళ్లు ఉండాలని నా పట్టుదల. చట్టం అడగదు కానీ లేకపోతే తేడా తెలిసిపోతుంది.

అదే చట్టంలో 20వ సెక్షన్ ప్రింటు తీసి గోడకు అతికించండి. బలవంతంగా గుండు చేయించకూడదు. ఎవరి బట్టలు వాళ్లు కట్టుకోవచ్చు. బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన కూలి ఇవ్వాలి. గొలుసు, సంకెల ఏ రూపంలోనూ కూడదని 95వ సెక్షన్ చెబుతుంది. సొంత ఇష్టంతో చేరిన పెద్దవాళ్లు వెళ్తానంటే పంపాలి. డాక్టర్ పరీక్షించడానికి ఆపగలిగినా అది 24 గంటలే. గేటుకు తాళం వేసి 'వాళ్ల మంచికే' అనే ఇల్లు ఇక్కడే తప్పుతుంది.

సిబ్బంది లెక్కలో చాలామంది బోల్తా పడతారు. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఎప్పుడూ ఒకరు ఉండాలంటేనే మూడున్నర మంది. సెలవులు, జ్వరాలు కలుపుకుంటే నలుగురు. రాత్రి ఒక్కరినే ఉంచడం ప్రమాదం కాబట్టి ఎప్పుడూ ఇద్దరు, అంటే ఎనిమిది మంది. పన్నెండు మంది ఉండే ఇంటికీ ఇంతే, ఆరుగురుండే ఇంటికీ ఇంతే. అందుకే ఖర్చులో జీతాలదే పెద్ద వాటా. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా మొదటి మనిషిని చేర్చుకోవద్దు. డబ్బు అయిపోయి ఇల్లు మూతపడితే రోడ్డున పడేది మీరు కాదు.

ఇంటికి అరగంట దూరంలో క్యాజువాలిటీ ఉన్న ఆసుపత్రి ఉండాలి. బాత్రూమ్ గడియ బయటినుంచి తీయగలిగేలా ఉండాలి. సంపుకు మూత, డాబా తలుపుకు తాళం ఉండాలి, ఎత్తులో బరువు ఆపే కొక్కేలు లేకుండా చూడటం తప్పనిసరి. పెరట్లో కూరగాయలు పండించినా పురుగుమందు గడప దాటి రాకూడదు. మన పల్లెల్లో ఆత్మహత్యలకు తరచూ చేతికందేవాటిలో అదొకటి.

మందుల దగ్గర కాస్త ఆగాలి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు మన ఎండాకాలం ప్రమాదం. చెమట ఎక్కువపోయి నీళ్లు తాగకపోతే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. శివరాత్రి ఉపవాసం, రంజాన్ ఉపవాసం వచ్చే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా ఇదే చిక్కు. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్‌కు మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించడం పద్ధతి. గొంతునొప్పి, జ్వరం వస్తే క్రోసిన్ ఇచ్చి ఊరుకోకూడదు, తెల్లరక్తకణాలు పడిపోయాయేమో చూడాలి. మలబద్ధకం ప్రాణం మీదికి తెస్తుంది, అందుకే రోజూ అడగాలి, సిగ్గుపడకుండా రాయాలి. క్లోజపిన్ వాడే మనిషి సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు పెరుగుతుంది, మాన్పించే ముందు డాక్టర్‌కు చెప్పండి. పొద్దున ఎనిమిదైనా లేవలేకపోతున్నారంటే బద్ధకం అని తిట్టకముందు రాత్రి ఏ మందు ఎన్ని గంటలకు వేశారో చూడండి.

మాత్ర ఎప్పటికీ సిబ్బంది చేత్తోనే వేస్తూపోతే ఇంటికెళ్లిన నెలకే ఆగిపోతుంది. మొదట సిబ్బంది తీసి ఇస్తారు. తర్వాత తనే స్ట్రిప్పులోంచి సిబ్బంది ఎదుట తీసుకుంటారు. ఆ తర్వాత ఒకరోజు మాత్రలు, చివరికి వారం డబ్బా తన దగ్గరే. ఒక మెట్టు ఎక్కి దిగాల్సి వస్తే అది శిక్షలా కనిపించకూడదు.

ఇక ఇంటికి ప్రాణం పొద్దుటి సభ. తొమ్మిదిన్నరకు అందరూ గుండ్రంగా కూర్చోవాలి, సిబ్బందితో సహా, కుర్చీలన్నీ ఒకే ఎత్తువి. నలభై ఐదు నిమిషాలు చాలు. వారానికొకరు నడపాలి, నడిపేది అక్కడ ఉండేవాళ్లే. నిన్న రసం గిన్నె ఎవరు కడగకుండా వదిలేశారు, టీవీ ఎన్నింటికి కట్టాలి, రాత్రి కేకలు వేసిన వ్యక్తికి ఏమైంది, శనివారం ఎవరు ఊరెళ్తున్నారు. ఇవే విషయాలు. మొదటి పది నిమిషాలు సిబ్బంది నోరు విప్పకూడదు. ఆ నిశ్శబ్దం భరించలేక వార్డెన్ మాట్లాడటం మొదలుపెట్టిన రోజు నుంచి అది సభ కాదు, హాజరు. వంట పట్టిక, పనుల వంతులు, అతిథులు వాళ్ల నిర్ణయం. మందు మోతాదు, ప్రాణభద్రత వాళ్ల ఓటుకు పెట్టేవి కావు. ఆ గీత మొదటిరోజే చెప్పాలి. సభ చేసిన నిర్ణయాన్ని సిబ్బంది ఆపాల్సి వస్తే కారణం ఆ సభలోనే చెప్పాలి. ఆఫీసు గదిలోకి వెళ్లి మార్చేస్తే మర్నాటినుంచి ఎవరూ నోరు తెరవరు.

పనిని వంటింట్లోంచి మొదలుపెట్టండి. నెలల తరబడి మంచం దిగని మనిషికి ముందు పావుగంట వెల్లుల్లి ఒలిచే పని ఇవ్వండి, పక్కన ఇంకొకరు అదే పని చేస్తూ ఉండాలి. తర్వాత కందిపప్పు ఏరడం, ఆపైన బెండకాయలు తరగడం. ఆ తర్వాత 200 రూపాయలిచ్చి రైతుబజారుకు పంపి, చిల్లర లెక్క రాయించాలి. చేతులు వణికేవాళ్లకు గ్లాసు సగమే నింపండి. పులుసు కలపమంటే గంటసేపు నిలబడిపోయారంటే సోమరితనం కాదు, ఈ జబ్బుల్లో పని మొదలుపెట్టే శక్తే దెబ్బతింటుంది. పదే పదే గుర్తుచేయడం కన్నా పక్కన నిలబడి మొదటి గరిటె మీరు తిప్పడం మేలు.

చేర్చుకునేటప్పుడు తొందర వద్దు. ఒక పగలు వచ్చి భోంచేసి వెళ్లాలి, తర్వాత మూడు రాత్రులుండాలి, ఆ తర్వాతే ఇరువైపులా నిర్ణయం. మొదట నలుగురితో మొదలుపెట్టి రెండు మూడు వారాలకొకరిని కలుపుకోండి. ఒకేసారి పన్నెండు మందిని నింపితే సభకు అలవాటుపడినవాళ్లే ఉండరు, కొత్తవాళ్లు ఎవర్ని చూసి నేర్చుకుంటారు? తీవ్ర ఉద్రేకంలో ఉన్నవాళ్లనూ, మద్యం మానేసి వణుకుతున్నవాళ్లనూ ముందు ఆసుపత్రికి పంపాలి.

కుటుంబంతో కాగితం రాసుకోవాలి. ఎంతకాలం (తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర మంచి గడువు), ఫీజు, వారానికో ఫోను, రెండో నెల నుంచి నెలకోసారి ఇంటికి తీసుకెళ్లడం. ఇంటికి తీసుకెళ్లడమన్నదే ముఖ్యం. ఏడాదిపాటు ఇంటిముఖం చూడని మనిషికి ఇంట్లో చోటు మూసుకుపోతుంది, ఆ గదిలో బీరువా వచ్చి చేరుతుంది. రెండు వేర్వేరు బంధువుల చిరునామాలు, ఫోన్లు తీసుకోండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, పింఛను దరఖాస్తు చేరిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి, వెళ్లేనాటికి చేతిలో కొంత సొంత డబ్బు ఉండాలి.

వెళ్లే వారం అన్నిటికన్నా సున్నితం. ఆసుపత్రి నుంచో, ఇలాంటి ఇంటినుంచో బయటికి వెళ్లిన తొలి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. పదిహేను రోజుల మందులు, తర్వాతి ఇంజెక్షన్ తేదీ, వెళ్లబోయే ఊళ్లో చూసే డాక్టర్ పేరు ఒకే కాగితం మీద ఇవ్వండి. మూడో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి మీరే ఫోన్ చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 నంబరు వాళ్ల ఫోనులో సేవ్ చేయించండి. ఇంట్లో చోటు లేనివాళ్లకు ముగ్గురు నలుగురిని కలిపి అదే వీధిలో అద్దె ఇల్లు చూడండి. మొదటి ఏడాది అగ్రిమెంటు సంస్థ పేర ఉండనివ్వండి, యజమాని భయం అప్పుడు తగ్గుతుంది. రెండో ఏడాది అగ్రిమెంటు వాళ్ల పేరుకు మార్పించండి, కరెంటు బిల్లు వాళ్లే కట్టుకునేలా చూడండి.