నాలుక బాగానే ఉంది, పోయింది వాసన

కోవిడ్ జ్వరం తగ్గినా నాకు తిండి సహించలేదు. నోటికి రుచి లేదంటే, చెన్నైలో నేను చూపించుకున్న ఈఎన్‌టీ డాక్టరుగారు ఉప్పు, పంచదార, నిమ్మరసం, కాకరకాయ తెలుస్తున్నాయా అని ఒక్కొక్కటే అడిగారు. అన్నీ తెలుస్తున్నాయి. చారులో పులుపుంది, మిరియాల ఘాటుంది. ఇంగువ లేదు, కొత్తిమీర లేదు. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం పులుసులో ఉండే కమ్మదనం). మంట, చల్లదనం ముఖంలో స్పర్శను తెలిపే ట్రైజెమినల్ నరం పని. మనం రుచి అనుకునే తక్కినదంతా చాలావరకు వాసనే. నమిలి మింగేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి చేరుతుంది.

ముక్కులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే ఎండోస్కోపీలో పాలిప్‌లు (కండ పెరుగుదలలు), చీము కనిపించలేదు. గాలి దారి తెరిచే ఉంది కాబట్టి దెబ్బ ముక్కు పైభాగంలో వాసన పట్టే పొరకే తగిలిందన్నారు. వైరస్ పట్టుకునే ఏస్2 ప్రోటీన్ వాసన నాడీకణాల్లో కాక, వాటిని ఆనుకుని ఉండే సహాయక కణాల్లో ఉంటుందని 2020 పరిశోధనల్లో తేలింది. పైగా ఈ నాడీకణాలు అడుగున ఉన్న మూలకణాల నుంచి మళ్లీ పుడతాయి. నాకు ధైర్యమిచ్చిన మాట ఇదే.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన, పోయిన వాసనను తిరిగి తెచ్చుకునే వాసన సాధననే చేశాను: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, రోజుకు రెండుసార్లు, 12 వారాలు. నాలుగు ముదురురంగు గాజు సీసాల్లో దూది ఉంచి, ఒక్కోదాంట్లో ఒక్కో సుగంధ నూనె కొద్ది చుక్కలు వేయాలి. ఒక్కోదాన్ని ముక్కుకు తగలకుండా దగ్గర పెట్టుకుని 10 నుంచి 20 సెకన్లు చిన్నచిన్నగా పీల్చాలి. మధ్యలో కాస్త ఆగాలి. పీలుస్తున్నంతసేపూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. గట్టిగా ఎగపీల్చొద్దు. నూనెను ముక్కులో అసలే వేసుకోవద్దు. ఆల్కహాల్ కలిసిన సెంటు పనికిరాదు, అది గుచ్చుతుంది.

నీలగిరి తైలం చల్లగా తగలగానే వాసన వచ్చేసిందని పొంగిపోకూడదు. ఆ చల్లదనం ట్రైజెమినల్‌దే. గులాబీకి ఆ ఘాటు దాదాపు ఉండదు, అందుకే నా దృష్టిలో అసలైన పరీక్ష అదే. పేర్లు కనపడకుండా ఇంట్లోవాళ్ల చేత సీసాలు ఇప్పించుకోవాలి. పేరు చదివితే మెదడు ఊహించేస్తుంది.

ముందు లవంగం వచ్చింది. ఆ తర్వాత ఫిల్టర్ కాఫీ కుళ్లు కంపు కొట్టడం మొదలైంది. దీన్ని పరోస్మియా అంటారు. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, వేపుళ్లలోని గంధక సమ్మేళనాలు దీన్ని ఎక్కువగా రేపుతాయి. కోలుకునే దశలో చాలామందికి వస్తుంది, భయపడి సాధన ఆపొద్దు. వేడి తగ్గితే ఆవిరీ తగ్గుతుంది కనుక చల్లారిన అన్నం, పెరుగు, పళ్లు తినగలిగాను.

వాసన తిరిగొచ్చేదాకా వంటగదిలో జాగ్రత్త. లీకైతే తెలియడానికి గ్యాసులో కలిపే ఘాటైన రసాయనం మెర్‌కాప్టాన్ వాసన మనకు తెలియదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కాబట్టి లీక్ అలారం నేలకు దగ్గరగా బిగించాలి. గొట్టం, రెగ్యులేటర్ కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి.

ఇంగువ తిరిగొచ్చింది. గులాబీ ఇంకా పలచగానే ఉంది. వాసనలు మారుస్తూ ఎక్కువకాలం చేస్తే మేలని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి కాబట్టి ఇప్పుడు మల్లె, వాము, కమలా తొక్కతో కొనసాగిస్తున్నాను.